పెద్దమనిషి దవడపళ్ళు

కుక్కకు పళ్ళు తోమడమేమిటని నవ్వదలచినవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి. తర్వాత వీలుపడకపోవచ్చు. పళ్ళమేస్త్రి కూడా మొదట్లో నవ్వినవాడే.

పళ్ళమేస్త్రి అన్నది వీధి పెట్టిన పేరు. పళ్ళ డాక్టర్లు అచ్చులు పంపితే కట్టుడుపళ్ళు చేసివ్వడం ఆయన పని. ఇంటి ముందుగదే పనిగది. ఒక మూల సుద్దపిండి బస్తా, ఒక మూల గులాబిరంగు మైనం పలకలు, కిటికీ పక్కన గుడ్డచక్రం తిరిగే మెరుగు మిషను. బల్ల మీద ఎప్పుడు చూసినా పదీ పదిహేను దవడలు మనుషులు లేకుండానే నవ్వుతూ ఉంటాయి. ఆయన చేసిన పళ్ళతో ఊళ్ళో సగం మంది ఫొటోలు దిగారు. మిగతా సగం మంది వాటిని కోడళ్ళ మీద పటపటా కొరికారు.

ముప్పై ఏళ్ళ అనుభవంలో ఆయనకు స్థిరపడిన వేదాంతం ఒక్కటే: పన్నంటే నవ్వితే కనిపించేది. కనిపించనిదాని గురించి పెట్టుకునేవాడూ అడగలేదు, ఈయనా ఆలోచించలేదు.

భార్య కారు నడపడం నేర్పుతుంది. వీధికి డ్రైవింగమ్మ. ఆమె కారులో పక్కసీటు కింద, అంటే ఆమె కాలి కింద, ఇంకో బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు గోడను చూసేలోగా ఆమె చూసి తొక్కేస్తుంది. ఇరవై ఏళ్ళ అలవాటు. ఇంట్లో కూడా మొగుడు నోరు తెరిచేలోగా తొక్కేస్తుంది.

మూడోవాడు పెద్దమనిషి. కుక్క. గోధుమరంగు, తొమ్మిదేళ్ళ వయసు. ఒక చెవి నిలబడితే ఒక చెవి కూర్చుంటుంది. కూనగా ఉన్నప్పుడు కూడా ఎవరి మీదా ముందుగా మొరగలేదు, పెట్టనిది ముట్టలేదు. అందుకే ఆ పేరు. మీ ఇంట్లో పెద్దమనిషి ఎవరమ్మా అని ఎవరైనా అడిగితే డ్రైవింగమ్మ మొగుణ్ణి దాటుకుని వెళ్ళి కుక్కను చూపిస్తుంది.

వాడికి రోజూ పళ్ళు తోమాలని పశువుల డాక్టరమ్మ రెండేళ్ళ కిందటే చెప్పింది. ముఖ్యంగా లోపలి దవడపళ్ళు, చిగురు అంచు వెంట. తోమకపోతే గార కడుతుంది, గార కింద చీము పడుతుంది, చీము వేరుదాకా పోతుంది, కుక్క మాత్రం నోరు విప్పి చెప్పదు అంది. ఆ రోజు నుంచి సాయంత్రం ఏడు కాగానే డ్రైవింగమ్మ వాణ్ణి పనిగదిలో కూర్చోబెట్టి, చిన్న బ్రష్షుతో రెండు నిమిషాలు తోమేది.

"అడవిలో పులికి ఎవరే తోమేది?" అని ఎగతాళి చేసేవాడు మేస్త్రి.

"అడవిలో పులి మీ సోఫా మీద తొమ్మిదేళ్ళు పడుకుంటుందా?"

"పులి కూడా..."

"మీరు లేవండి, వెలుతురుకు అడ్డం."

అంతటితో పులి అడవిలోకి పారిపోయేది.

ఇలా సాగుతుండగా ఒకనాడు, కొత్తగా కారు నేర్చుకుంటున్న ఒక పెద్దాయన ఆపమంటే జోరు పెంచాడు. డ్రైవింగమ్మ బ్రేకు తొక్కింది. కారు ఆగింది. ఆమె మణికట్టు మాత్రం ముందుకు వెళ్ళింది. కుడిచేతికి ఆరు వారాల కట్టు.

"ఏమండీ, ఈ ఆరు వారాలూ వాడి పళ్ళు మీవి."

"నా పళ్ళకే నాకు తీరిక లేదు."

"మీవి ఊడితే మీరే చేసుకుంటారు. వాడికెవరు చేస్తారు?"

మొదటిరోజు మేస్త్రి నిజంగానే తోమబోయాడు. అబద్ధం ఎందుకు చెప్పాలి. కానీ పెద్దమనిషికి ఆ చెయ్యి కొత్త. నోరు బిగించాడు. ఈయన పెదవి ఎత్తితే వాడు తల తిప్పాడు, ఈయన తల తిప్పితే వాడు వెనక్కి జరిగాడు. అరగంట గడిచేసరికి పేస్టు మేస్త్రి మీసానికి అంటింది, తోక తగిలి సుద్దపిండి డబ్బా కిందపడింది, ఇద్దరూ తెల్లగా తయారయ్యారు. వాడి పళ్ళు తప్ప అన్నీ తెల్లబడ్డాయి.

రెండోరోజు మేస్త్రి బుర్ర పనిచేసింది. పనిచేయకపోతే ఎంత బావుండేదో.

ఆయన కనిపెట్టింది ఇది. భార్య శనివారం శనివారం తనిఖీ చేస్తుంది. ఎడమచేత్తో, కట్టు ఉన్న చెయ్యి పక్కకు పెట్టుకుని, ముందు పెదవి కాస్త ఎత్తి చూస్తుంది. అంటే కనిపించేవి ముందు పళ్ళు, కోరపళ్ళు. వాటికి మెరుగు పెట్టడం తనకు వెన్నతో పెట్టిన విద్య. కట్టుడుపళ్ళకు వాడే మెరుగుపొడి వేలిగుడ్డకు అద్ది శుక్రవారం నాలుగుసార్లు రుద్దితే చాలు, తళతళ. మిగతా రోజులు తలుపేసుకుని, పంపు తిప్పి, కుర్చీలో కూర్చుని పేపరు చదువుకోవడమే. పెద్దమనిషికి ఒక బిస్కెట్టు, తనకు ఒకటి.

తలుపు అవతల నుంచి కేక వచ్చేది. "లోపలివి కూడానండీ!"

"లోపలివే తోముతున్నా!" అనేవాడు పేజీ తిప్పుతూ.

పెద్దమనిషి కుర్చీ కింద పడుకుని ఆయన మొహంకేసి చూసేవాడు. లంచం తిన్న సాక్షి కదా, ఏం మాట్లాడతాడు.

ఆరు వారాలయ్యాయి. కట్టు విప్పారు. కథ అక్కడితో అయిపోవలసింది. కానీ ఒకరోజు డ్రైవింగమ్మ చెల్లెలితో ఫోనులో అంటున్న మాట మేస్త్రి చెవిన పడింది. "మా ఆయనకు ఇంత ఓపిక ఉందని పెళ్ళైన ఇరవై రెండేళ్ళకు తెలిసిందే. వాడి పళ్ళు ముత్యాల్లా చేసిపెట్టాడు."

ఇరవై రెండేళ్ళలో ఆ ఇంట్లో ఆయనకు దక్కిన మొదటి మెచ్చుకోలు అది. మనిషి బూరెలా పొంగిపోయాడు. వెళ్ళి భార్యతో, "నీ చెయ్యి ఇంకా బలం పుంజుకోవాలి. ఇకనుంచి ఈ పని నాదే" అన్నాడు. ఆమె శనివారం తనిఖీ కూడా మానేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చేసిన పాపాలన్నిటికంటే మేస్త్రికి తర్వాత్తర్వాత గుచ్చుకున్నది ఆ నీళ్ళే.

పైగా ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. ఎదురింట్లో పిల్లిని పెంచుకునే ముసలావిడ ఉంది, వీధికి పిల్లి పిన్ని. ఆమెను గేటు దగ్గర నిలబెట్టి, "పిన్నిగారూ, పిల్లి పన్నంటే పన్ను కాదు, ప్రాణం. చిగురు అంచు వెంట, వేలికి మెత్తటి గుడ్డ చుట్టి, లోపలిదాకా..." అని డాక్టరమ్మ చెప్పినదంతా తన సొంత సరుకులా వప్పజెప్పేవాడు. చెప్పేవాడికి సిగ్గు లేకపోతే వినేవాళ్ళకు అది జ్ఞానమే. పిన్ని తలూపుకుంటూ వెళ్ళి నిజంగానే తోమడం మొదలుపెట్టింది.

నెలలు గడిచాయి. పెద్దమనిషి బిస్కెట్టు అందుకుని కింద వదిలేయడం మొదలుపెట్టాడు. మళ్ళీ తీసుకుని తల ఒక పక్కకు వంచి, ఎడమవైపే నమిలేవాడు. మేస్త్రి చూశాడు. చూడలేదని అనడానికి లేదు. బిస్కెట్టును నీళ్ళలో నానబెట్టి ఇవ్వడం మొదలుపెట్టాడు. బంతి విసిరితే వాడు దగ్గరిదాకా వెళ్ళి, వాసన చూసి, వదిలేసి వచ్చేవాడు. నోటి దగ్గర చెయ్యి పెడితే మెల్లగా మొహం తిప్పుకునేవాడు.

"వీడికేమైందండీ, ఇలా డీలా పడిపోయాడు?" అంది డ్రైవింగమ్మ.

"వయసే! తొమ్మిది దాటలా? ముసలాడైపోయాడు."

"నోరు కూడా వాసనేస్తోంది."

"ముసలాళ్ళకు వెయ్యదా? మీ నాన్నకు వెయ్యదా?"

"మా నాన్న కట్టుడుపళ్ళు మీరు చేసినవే."

మేస్త్రి పేపరు ఎత్తుకున్నాడు.

ఒక గురువారం సాయంత్రం ఆమె మామూలుగా, కూరగాయల సంచీ సర్దుకుంటూ అంది. "రేపు పెద్దమనిషికి టీకా. సాయంత్రం అయిదింటికి వచ్చి నేను తీసుకెళ్తాను. పొద్దున వాడికేం పెట్టకండి."

"టీకాకు ఉపవాసం దేనికే?"

"డాక్టరమ్మ చెప్పింది. ఆవిడ మీలా కాదు, చదువుకుంది."

మేస్త్రి లెక్కలు వేసుకున్నాడు. టీకా వేసేటప్పుడు డాక్టరమ్మ వాడి నోరు తెరిచి చూస్తుంది. చూస్తే అయిపోయింది. ఇరవై రెండేళ్ళకు వచ్చిన ఓపికవంతుడి బిరుదు ఊడిపోతుంది. కాబట్టి ఆమె రాకముందే, పొద్దున్నే తనే తీసుకెళ్ళి, గబగబా ఆ గార ఏదో గీకించేసి, మధ్యాహ్నానికి ఇంటికి తెచ్చేస్తే? గార గీకడమెంతసేపు? తన మిషను మీద అయితే పది నిమిషాలు.

తెల్లారింది. డ్రైవింగమ్మ ఎనిమిదింటికి కారు తీసుకుని పాఠాలకని వెళ్ళింది. ఎనిమిదీ అయిదుకు మేస్త్రీ పెద్దమనిషీ వీధిలో ఉన్నారు.

పశువుల ఆసుపత్రిలో ఆయనను ఎవరూ ఆపలేదు, ఏమీ అడగలేదు. పేరు చెప్పగానే లోపలికి పంపారు. బల్ల మీద గుడ్డ పరిచే ఉంది. ఆహా, అదృష్టం అంటే ఇలా ఉండాలి అనుకున్నాడు మేస్త్రి.

అంతలో లోపలి గది నుంచి పిల్లి పిన్ని బయటికొచ్చింది, చంకలో పిల్లితో. "బాబూ, నీ రుణం తీర్చుకోలేను. నువ్వు చెప్పినట్టే తోముతున్నానా, ఒక్క పన్ను పాడవలేదట! డాక్టరమ్మ చేతులెత్తి దండం పెట్టినంత పని చేసింది. నీ కుక్క ఎంత పుణ్యం చేసుకుందో!"

పెద్దమనిషి నేలకేసి చూశాడు. మేస్త్రి కూడా అదే నేలను చూశాడు.

డాక్టరమ్మ వాడి పెదవి ఎత్తింది. ముందు పళ్ళు తళుక్కుమన్నాయి. తర్వాత వేలితో బుగ్గ వెనక్కి లాగింది. మేస్త్రి చూడకూడదనుకుంటూనే చూశాడు. ఆ వెనక ఉన్నవి పళ్ళలా లేవు. పాత బావిలో రాళ్ళలా ఉన్నాయి. చిగుళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. వాసన గదంతా కమ్ముకుంది.

"రోజూ తోముతున్నారా?"

"రోజూనండీ. ఏడింటికి."

"చూడండి, నాతో అబద్ధమాడితే నాకేం నష్టం లేదు. మత్తిచ్చి పడుకోబెట్టేది వాణ్ణి. ఎన్నాళ్ళుగా ఒకవైపే నములుతున్నాడు?"

మేస్త్రి వాడి వీపు మీద చెయ్యి వేశాడు. "వానలకు ముందు నుంచి" అన్నాడు.

"ఈ ముందు పళ్ళకేం రాశారు? పైనంతా సన్నగా గీతలు పడ్డాయి."

"మెరుగుపొడండీ."

"దేనికి వాడేది?"

"కట్టుడుపళ్ళకి."

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడినా బావుండేది. "కట్టుడుపళ్ళు నొప్పెట్టవు కదండీ" అంది.

ఎక్స్‌రే తీసి చూసి, పదకొండు పళ్ళు పీకాలంది. కుడివైపు పై కోరపన్ను కూడా. దాని వేరు కింద చీము ఉందట.

"కోరపన్నా! అది బ్రహ్మాండంగా మెరుస్తోంది కదమ్మా! పదకొండంటే... కాస్త తగ్గించుకోలేరా?"

"బేరం వాడితో ఆడండి. నొప్పి వాడిది."

బయట బెంచీ మీద కూర్చున్నాడు మేస్త్రి. ఇన్నాళ్ళూ వాడు తన చేతి బిస్కెట్టు తీసుకుని కింద పెట్టింది మారాం కాదు. తీసుకోకపోతే ఈయన నొచ్చుకుంటాడని తీసుకున్నాడు. నమలలేక వదిలాడు. అంత మాత్రం అర్థం చేసుకోవడానికి మనిషికి తొమ్మిది నెలలు, పదకొండు పళ్ళు కావలసి వచ్చాయి.

మూడింటికి ఇంటికి చేరారు. పెద్దమనిషి తూలుతూ వచ్చి పనిగదిలో గోనెపట్టా మీద పడిపోయాడు. నోటి కొస నుంచి ఎర్రటి చొంగ కారుతోంది. కుడివైపు పెదవి లోపలికి ముడుచుకుపోయింది.

ఇంత జరిగాక కూడా మేస్త్రి మేస్త్రే. దవడపళ్ళు లోపలివి, కనిపించవు. కోరపన్ను ఒక్కటే కనిపిస్తుంది. పన్ను లేకపోతే ఏమైంది, పన్ను చేసేవాడు ఉన్నాడుగా! కూర్చున్నాడు బల్ల ముందు. రంగు కలిపాడు, అరగదీశాడు, చక్రం మీద మెరుగు పెట్టాడు. మొత్తం మూడు గంటలు. జీవితంలో అంత మంచి పన్ను ఆయన ఎవరికీ చేయలేదు. దాన్ని వేళ్ళ మధ్య పట్టుకుని పెద్దమనిషి దగ్గరికి వంగాడు.

కుట్లు కనిపించాయి. సన్నటి దారం, వరసగా. వాడు మత్తులోనే తల ఎత్తి, ఆయన మోకాలి మీద గడ్డం ఆనించి, మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.

మేస్త్రి చెయ్యి ఆగిపోయింది. పన్ను జేబులో వేసుకున్నాడు. అలాగే నేల మీద కూర్చుండిపోయాడు.

అయిదింటికి రావలసిన డ్రైవింగమ్మ ఆరున్నరకు వచ్చింది. చెప్పులు విప్పింది. కుక్కను చూసింది, మొగుణ్ణి చూసింది.

"ఏమిటి విశేషాలు?"

ఇక్కడ నిజం చెప్పి ఉండవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చాలాకాలంగా ఆ నోటికి వేరే దారి అలవాటు.

"ఏమున్నాయి. వాడే... కాస్త నలతగా ఉన్నాడు. టీకా ఇంకో రోజు వేయిద్దాంలే."

"పళ్ళు తోమారా?"

"ఇప్పుడే."

ఆమె సంచీలోంచి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసి, దవడల మధ్య బల్ల మీద పెట్టింది. మూత తీసింది. అందులో పదకొండు పళ్ళు.

"ఇవి కూడా తోమారా?"

మేస్త్రి నోరు తెరిచాడు. ఈసారి ఆమె బ్రేకు తొక్కలేదు. మాట దానంతటదే ఆగిపోయింది.

"బుధవారం మీరు దవడలు ఇచ్చిరావడానికి వెళ్ళి ఆలస్యం చేశారు" అంది ఆమె. "ఏడైంది కదా, నేనే తోముదామని వాణ్ణి ఈ గదిలోకి తెచ్చాను. వాడు తిన్నగా వెళ్ళి మీ కుర్చీ కింద పడుకుని బిస్కెట్ల డబ్బాకేసి చూశాడు. బ్రష్షు చూపిస్తే అదేమిటో తెలియనట్టు మొహం పెట్టాడు. అప్పుడు బుగ్గ లాగి చూశాను."

"బుధవారమే?"

"ఆ రాత్రే డాక్టరమ్మతో మాట్లాడి నొప్పికి మందు మొదలుపెట్టాను. గురువారం తిప్పడానికని తీసుకెళ్ళి రక్తం తీయించాను. ఆపరేషను ఇవాళ పొద్దున్నకే పెట్టుకున్నాం."

"మరి టీకా?"

"అబద్ధం. ఈ ఇంట్లోనే నేర్చుకున్నా."

"నేను తీసుకెళ్తానని నీకెలా..."

"వీధి చివర కారులో కూర్చున్నాను. ఎనిమిదిన్నర దాకా చూసి, మీరు కదలకపోతే నేనే వచ్చి తీసుకెళ్దామని. మలుపు దగ్గర మీరు కనిపించారు. డాక్టరమ్మకు ఫోను చేసి, ఏమీ తెలియనట్టే చూడండి అన్నాను. వాడు లోపలున్నంతసేపూ నేను వెనకగదిలోనే ఉన్నాను." వంగి వాడి తల నిమిరింది. "తీసుకెళ్ళారు కాబట్టి ఇంకా మాట్లాడుతున్నాను. ఇంటికొచ్చాక మీ నోటితో చెప్తారేమోనని గంటన్నర బయటే తిరిగాను. ఆలోచించుకోనిద్దామని."

మేస్త్రి చెయ్యి జేబు మీదికి పోయింది.

"జేబులోది ఇవ్వండి."

"జేబులోనా?"

"మిషను ఇంకా వేడిగా ఉంది. ఇవ్వండి."

ఇచ్చాడు. ఆమె దాన్ని డబ్బాలోని అసలు కోరపన్ను పక్కన పెట్టింది. రంగు సరిగ్గా కుదిరింది. వంపు కుదిరింది. కానీ మేస్త్రి చేసింది చిగురు ఉండే చోట చదునుగా ఆగిపోయింది. అసలుది ఆగలేదు. కింద ఇంకా ఉంది, పైన ఉన్నదానికంటే పొడుగ్గా, లావుగా, చివర గోధుమరంగు తిరిగి కుళ్ళిపోయి. ముప్పై ఏళ్ళు పళ్ళు చేసిన మనిషి, పన్నులో పెద్దభాగం కనిపించనిదేనని ఆ సాయంత్రమే కళ్ళారా చూశాడు.

"మీదే అందంగా ఉంది" అంది డ్రైవింగమ్మ. అని లోపలికి వెళ్ళిపోయింది.

ఆమె అరిస్తే సమాధానం చెప్పుకునేవాడు. గిన్నెలు విసిరితే తప్పించుకునేవాడు. ఆ మూడు ముక్కలనుంచి ఎటు తప్పించుకోవాలో ఆయనకు తోచలేదు.

రెండు వారాలకు కుట్లు కరిగిపోయాయి. ఆ ఆదివారం పొద్దున మేస్త్రి చెప్పు ఒకటి కనిపించలేదు. చూస్తే పెద్దమనిషి దాన్ని నోట కరుచుకుని వీధి పొడుగునా పరిగెడుతున్నాడు. కూర్చున్న చెవి కూడా లేచి నిలబడింది. పిల్లి పిన్ని ఇంటి గేటు దగ్గర వాడు ఆగి, పిల్లిని చూసి, ముందుగా తనే మొరిగాడు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి పెద్దరికం వదిలేసి కుక్కలా మొరిగాడు.

"చూశావా, వాడు..." అన్నాడు మేస్త్రి గుమ్మంలో నిలబడి.

"ముసలాడైపోయాడు అన్నారుగా" అంది డ్రైవింగమ్మ.

మేస్త్రి ఒంటిచెప్పుతో నిలబడి చాలాసేపు చూశాడు. "ఎన్నాళ్ళుగా నొప్పి పడి ఉంటాడంటావు?"

"నన్నడుగుతారేం? బిస్కెట్లు నానబెట్టింది మీరు."

సాయంత్రం ఏడైంది. మేస్త్రి తనంతట తనే బ్రష్షు పట్టుకుని వచ్చి భార్య ముందు నిలబడ్డాడు. "నేర్పు" అన్నాడు.

ఇరవై రెండేళ్ళలో ఆయన ఆమెను ఏదైనా నేర్పమని అడగడం అదే మొదలు. కుర్చీని కాలితో పక్కకు తోసి, నేల మీద ఆయన పక్కనే కూర్చుంది.

"మెల్లగా. చిగురు దగ్గర నుంచి. కంగారు పడకండి, నేనున్నాను."

మేస్త్రి బ్రష్షు ముందుకు చాపాడు. వాడు నోరు బిగిస్తాడు, మొహం తిప్పుతాడు, కరిచినా కరుస్తాడు అనుకున్నాడు. కరిస్తే బావుండునని కూడా అనుకున్నాడు.

పెద్దమనిషి ఆయన కళ్ళలోకి చూసి, చెప్పకముందే నోరు తెరిచాడు.